కోయని చెవి

ఈ అనుభవాలు రాయడానికి కారణం ఒక టీ విరామం.

మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు తరగతులు జరుగుతుంటే, రిటైరైనవాణ్ణి కదా అని నన్నూ ఒక గంట మాట్లాడమని పిలిచారు. పశువుల బీమా గురించి చెబుతూ పుంగనూరు దగ్గరి రెడ్డెమ్మ కేసు మొదలుపెట్టాను. సగంలో టీ వచ్చింది. తరగతి నడిపే ఆయన నన్ను వరండాలోకి తీసుకుపోయి, "ఆ అంబుడ్స్‌మన్ కేసు ఇంక చాలు సార్. పిల్లలు భయపడతారు. మనం గెలిచిన కేసులు చెప్పండి" అన్నాడు.

ఆ కేసులో ఓడిపోయింది మనమని ఆయన లెక్క. బీమా చేయించుకున్న మనిషికి ఇవ్వవలసింది ఇచ్చాం, అది ఓటమి. ఇలాంటి మాట నేర్పేవాడి నోటి నుంచే వస్తే నేర్చుకునేవాళ్ళ గతి ఏమిటి? టీ తాగకుండా వచ్చేశాను. ఆ రోజు చెప్పనివ్వని మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా భయపడితే మంచిదే. ఈ ఉద్యోగంలో కొంచెం భయం ఉండాలి.

నేను పనిచేసింది ఒక జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ మదనపల్లె బ్రాంచిలో. కంపెనీ పేరు రాయను. రాస్తే ఇది ఆ ఒక్క కంపెనీ జబ్బు అనుకుని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు. నాది ఫీల్డు పని. మోటారు సైకిలు మీద నిమ్మనపల్లె నుంచి కుప్పం దాకా తిరిగాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, జీతం ఎంత పెరిగింది అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు.

నా బడి చదువు పదో తరగతి. మిగతాదంతా మదనపల్లె శాఖా గ్రంథాలయంలో చదివింది. ఒప్పందాల చట్టం, పశువైద్యం, నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, ఏది దొరికితే అది. మా ఆఫీసులో డిగ్రీలున్నవాళ్ళు సర్క్యులర్లు చదివేవాళ్ళు. ఆ సర్క్యులరు ఏ సూత్రంలోంచి పుట్టిందో నేను వెతికి చదివేవాణ్ణి. ఇది గొప్ప కోసమే చెబుతున్నాను, దాచుకోవడం ఎందుకు?

చావు మాట ఎత్తకూడదు

పశువుల బీమాలో మొదటి పని ఆవు చెవికి నంబరున్న బిళ్ళ వేయడం. ఆవు చనిపోతే ఆ బిళ్ళను చెవితో సహా కోసి ఆఫీసుకు తేవాలి. ఉత్త బిళ్ళయితే ఎవరైనా ఊడదీసి తేవచ్చు కాబట్టి చెవితో సహా అన్నమాట. మా మేనేజరు కుర్చీ వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'నో ట్యాగ్, నో క్లెయిమ్' అని ఉండేది. దేవుడి పటం దాని కింద ఉండేది.

ఈ నిబంధన రైతుకు ఎప్పుడు తెలియాలి? బిళ్ళ వేసే రోజున. కానీ మా పల్లెల్లో ఆ రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున్నే ఆవును కడుగుతారు. కొమ్ములకు పసుపు, నుదుట కుంకుమ. చెవికి రంధ్రం పడినప్పుడు ఆవు తల విదిలిస్తే, ఇంటావిడ ఆడపిల్లకు చెవులు కుట్టించినట్టే ఓదారుస్తుంది. తర్వాత మాకు తాంబూలం. అలాంటి చోట నిలబడి, ఇది చచ్చిపోతే చెవి కోసుకురండి అని చెప్పాలి.

నేను ఒకసారి చెప్పాను, బైరెడ్డిపల్లె పక్క ఊళ్ళో. ఇంటి పెద్దాయన చేతిలోని చర్నాకోల ఎత్తాడు.

"ఒరేయ్, నా ఆవు కొట్టంలో నిలబడుకోనుండంగానే సావు మాట ఎత్తుతావా? నీ నోట్లో మన్నుబడ! ఎత్తుకో నీ పెట్టె!"

ఆ తర్వాత అందరిలాగే నేనూ "బిళ్ళ జాగ్రత్తమ్మా" అని మాత్రం చెప్పడం అలవాటు చేసుకున్నాను. మా జిల్లాలో ఫీల్డు పని చేసిన ప్రతివాడూ అంతే. అసలు సంగతి పాలసీ కాగితం వెనక ఇంగ్లీషులో, ఆవాలంత అక్షరాల్లో ఉంటుంది. కొత్తవాళ్ళకు చెబుతున్నాను: ఆ మాట చెప్పండి. తిట్టించుకుని చెప్పండి. గుమ్మం దాటి బయటికొచ్చాక మగవాళ్ళకైనా చెప్పండి. ఆ తిట్టు తినడానికి కూడా కలిపే మీకు జీతం ఇస్తున్నారు.

కుప్పం సరిహద్దు సంతలో

చెవికి ఎంత విలువ ఉందో నాకు అంతకుముందే తెలుసు. తొంభైల మొదట్లో కుప్పం వైపు పశువుల పాలసీలు నేనే చూసేవాణ్ణి. అక్కడ గోవిందప్ప అనే దళారి ఉండేవాడు. రైతుల తరపున క్లెయిములు తెచ్చేవాడు. అతని కాగితాలు పెళ్ళి శుభలేఖల్లా ఉండేవి. పంచనామా, సర్పంచి సంతకం, పశువైద్యుడి సర్టిఫికెట్టు, పాలిథిన్ కవరులో ఉప్పులో వేసిన చెవి, చెవికి బిళ్ళ. ఒక్కటీ తక్కువ కాదు.

ఒక రోజు సరిహద్దు అవతల, తమిళనాడు సంతలో, ఎడమ చెవి సగం లేని ఆవు కనబడింది. తెగినచోట మానిపోయి మచ్చ కట్టి ఉంది. నాలుగడుగులు వేస్తే అలాంటిదే ఇంకొకటి. అమ్మేవాణ్ణి చెవి ఏమైందని అడిగాను.

"చెవి లేకపోతే పాలు తగ్గుతాయా సార్?" అని నవ్వాడు. "పాటలు వినేదానికా కొంటావు?"

తిరిగొచ్చి అప్పటి మా పెద్దసారుకు చెప్పాను. ఆవులు బతికే ఉన్నాయి, చెవులు మాత్రమే చచ్చి మన దగ్గరికి వస్తున్నాయి అన్నాను. ఆయన ఫైలు తిరగేశాడు. "చెవి ఉండాదా? పంచనామా ఉండాదా? ఇంకేం గావాలప్పా నీకు? సంతకు నిన్ను పొమ్మన్న్యది ఎవురు?" అన్నాడు. గోవిందప్ప చెక్కు తీసుకుని, ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచి వెళ్ళాడు. నేను తినలేదు. తినకపోవడం తప్ప నాకు చేతనైంది అప్పుడు ఏమీ లేదు.

బాలింత

రెండు వేల సంవత్సరం దాటాక జరిగింది ఇది. రెడ్డెమ్మది పుంగనూరు నుంచి ఆటోలో వెళ్ళే చిన్న పల్లె. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయి నెలకొకసారి వచ్చేవాడు. ఇంట్లో రెడ్డెమ్మ, ఆమె అత్త గంగమ్మ. వాళ్ళ సంసారం నడిచేది ఒక సీమావు మీద. రెండు పూటలా పాలకేంద్రంలో పాలు పోస్తే ఇల్లు గడిచేది. దానికి బిళ్ళ వేసింది నేనే.

ఆ ఆవు ఈనింది. మర్నాడు లేవలేక పడిపోయింది. పుంగనూరు పశువైద్యుడు ప్రభుదాసు గారు స్కూటరు మీద వచ్చి, నరానికి మందు ఎక్కించారు. సీసా ఇంకా ఆయన చేతిలో ఉండగానే ఆవు ప్రాణం పోయింది.

రెడ్డెమ్మ ఎస్టీడీ బూతుకు వెళ్ళి మా ఆఫీసుకు ఫోను చేసింది. నేను నిమ్మనపల్లెలో ఉన్నాను. ఫోను ఎత్తింది మా మేనేజరు. ఆ మాటలు తర్వాత రెడ్డెమ్మ నాకు చెప్పింది, మేనేజరు కూడా కాదనలేదు.

"చెవి కోసి, కవర్లో పెట్టుకోని రా" అన్నాడు ఆయన.

"ఏం జెప్తాండావు సార్? ఈనిన ఆవు. బాలింత సార్ అది."

"బాలింతో బొంతో, చెవి లేకపోతే డబ్బు లేదు. అర్థమయిందా?"

చెవి కోయాలన్న మాట ఆమె జీవితంలో మొదటిసారి విన్నది అప్పుడు. ఆవు కొట్టంలో చచ్చిపడి ఉంది. బూతు బయట నలుగురు వరుసలో నిలబడి వింటున్నారు. ఆమె ఫోను పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది.

వాళ్ళ ఇంటి ఆచారం ప్రకారం ఈనిన ఆవు పురుడు తీరకముందే పోతే, బాలింత పోయినట్టే. గంగమ్మ దానికి నీళ్ళు పోసి, ముఖానికి పసుపు రాసి, కొమ్ములకు గాజులు తొడిగి, కొత్త రవిక గుడ్డ కప్పించింది. సొంత చేలో గుంత తీయించి ఉప్పు పోసి పూడ్చారు. చెవి చెవిగానే, బిళ్ళ బిళ్ళగానే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి దూడకు రెడ్డెమ్మ సీసాతో పాలు పట్టిస్తోంది. పొరుగింటి నుంచి కొన్న పాలు. నేను పుస్తకాల తెలివితో, "చెవి కోసి ఉంటే ఇప్పటికి పని అయిపోయేది కదమ్మా" అన్నాను.

గంగమ్మ అరుగు దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం నాయనా, నీ పెండ్లాం బాలింతగా పోయిందనుకో. కమ్మలు కావాలని చెవులు కోసుకుంటావా?"

దీనికి జవాబు ఒప్పందాల చట్టంలో లేదు. నేను వెతికాను కూడా.

దొంగ

ప్రభుదాసు గారు సర్టిఫికెట్టు ఇచ్చారు. తాను వైద్యం చేస్తుండగా చనిపోయిందనీ, చెవికి ఫలానా నంబరు బిళ్ళ ఉందనీ రాశారు. పోస్టుమార్టం ఎందుకు చేయలేదని మా ఆఫీసు అడిగితే, "నా చేతుల్లో చచ్చిపోయిన ఆవును ఎందుకు చచ్చిందో తెలుసుకోవడానికి కోయాలా?" అని అడిగారు. ఆయన మిషన్ ఆసుపత్రి కాంపౌండులో పెరిగినవాడు, తల్లి అక్కడ నర్సు. కోపం వస్తే గొంతు పెంచడు, ఇంకా తగ్గిస్తాడు. ఆ మాట అన్నప్పుడు నాకు సరిగా వినపడలేదు.

ఆ సర్టిఫికెట్టు తీసుకుని రెడ్డెమ్మ మదనపల్లె ఆఫీసుకు వచ్చింది. మేనేజరు కూర్చోమనలేదు.

"చెవి లేదంటే ఆవు చావలేదని లెక్క" అన్నాడు. "యాడన్నా అమ్ముకోని, ఉత్త గుంత పూడ్చింటారు. డాక్టరుకు ఎంత ముట్టజెప్పినారో."

"అంటే నేను దొంగనా సార్?"

"రూలు జెప్తాండా. ఏడ్చేదుంటే బయట ఏడ్చుకో."

ఆమె ఏడవలేదు. గోడ మీది అక్షరాలవైపు ఒకసారి చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. వెళ్ళిపోయింది. వారంలోపు తిరస్కరణ లెటరు వెళ్ళింది. అందులో సారాంశం ఒక్కటే: బిళ్ళ సమర్పించలేదు, కనుక నష్టం రుజువు కాలేదు.

ఆ లెటరు వల్ల ఏమైందో ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని లేదు. ఇంకో ఆవు కొనే దారి మూసుకుపోయింది. పాలకేంద్రం దగ్గర "ఏం రెడ్డెమ్మా, ఆవును యాడ దాచినావు? మాకూ సూపీరాదా?" అని ఎకసెక్కాలు మొదలయ్యాయి. గోవిందప్పకు మా కంపెనీలో మర్యాద. చచ్చిన ఆవుకు గాజులు తొడిగిన ఇంటికి దొంగ అన్న పేరు. నాకు ఉద్యోగం మీద అసహ్యం వేసింది అప్పుడే. ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి గట్టిగా పడుతోంది, కాగితం వెనక అక్షరాలు తేలుతున్నాయి.

బీమా పుస్తకాల్లో మొదటి పాఠం ఒకటి ఉంది. బీమా అనేది పరమ విశ్వాసం మీద నడిచే ఒప్పందం, ఇరుపక్షాలూ ఒకరికొకరు నిజాయితీగా ఉండాలి అని. ఇరుపక్షాలూ. మా వాళ్ళు ఆ పాఠాన్ని ఒక పక్షానికే చదువుతారు. ప్రీమియం కట్టించుకునే రోజు ఆవు ఉందన్న ఆమె మాట నమ్మారు. ఇచ్చే రోజు వచ్చేసరికి ఆమె మాటా, ప్రభుత్వ డాక్టరు మాటా ఏదీ నమ్మలేదు.

లైబ్రరీలో దొరికిన మాట

కోర్టుకు పోవడం రెడ్డెమ్మ వల్ల కాదు. ఆ దిగులుతోనే ఒక సాయంత్రం లైబ్రరీలో కూర్చున్నాను. లైబ్రేరియన్ ఖాదర్ బాషా గారు పాత పేపర్ల కట్ట నా ముందు పెట్టి, "మీ డిపార్టుమెంటు సంగతే ఏదో ఉంది, చూడండి" అన్నారు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినడానికి హైదరాబాదులో అంబుడ్స్‌మన్ అనే అధికారి ఉన్నాడని అందులో ఉంది. ఆ ఏర్పాటు తొంభైల చివరలోనే వచ్చింది. మా ఆఫీసులో దాని గురించి ఒక్క ముక్క ఎవరూ నాతో అనలేదు. నిఘంటువు తీశాను. అది స్వీడన్ దేశం నుంచి వచ్చిన మాట, జనం తరపున వినేవాడని అర్థం. బాషా గారు చిత్తూరు జిల్లా గ్రంథాలయానికి రాసి, ఆ నిబంధనల ప్రతి తెప్పించారు. నేను అది రెండుసార్లు చదివాను, మూడోసారి ఎత్తి రాసుకున్నాను.

సంగతి ఇంత సులువు. ముందు కంపెనీ పై ఆఫీసుకు ఫిర్యాదు రాయాలి. వాళ్ళు కాదంటే, లేదా నెల రోజులు పలక్కపోతే, ఏడాదిలోపు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు. వకీలును తీసుకుపోకూడదు, ఫిర్యాదుదారే స్వయంగా చెప్పుకోవాలి. ఆయన ఇచ్చిన తీర్పును ఫిర్యాదుదారు ఒప్పుకుంటే కంపెనీ కట్టాల్సిందే.

పల్లెకు వెళ్ళి చెప్పాను. గంగమ్మ నోరు తెరిచి విన్నది.

"ఆంబోతుమానా? వాడెవుడప్పా?"

"ఆంబోతు కాదత్తా, ఆపీసరు" అంది రెడ్డెమ్మ. ఆ ఇంట్లో ఆవు పోయాక నేను విన్న మొదటి నవ్వు అది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు వొస్తావా సార్? నువ్వు ఆ కంపెనీ మనిషివి గదా. నీ కూటికి మన్ను గొట్టుకుంటావా?" అని అడిగింది.

వస్తానన్నాను. పై ఆఫీసుకు ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టాను. నెల గడిచింది, ఉలుకూ పలుకూ లేదు. హైదరాబాదుకు రాశాం. విచారణకు పిలుపు వచ్చింది. అప్పుడు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు.

"ఆ రాత నీదే గదా?"

"మాట ఆమెది సార్. రాత నాది."

"తిన్న ఇంటి వాసాలు లెక్కబెడతావా?"

"వాసాలు లెక్కపెట్టడం లేదు సార్. వాసాలు విరగకుండా చూస్తున్నాను."

నాకు అంత మాట ఎలా వచ్చిందో తెలియదు. రెండు రోజులు సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

బస్సులో బొరుగులు

నేనూ రెడ్డెమ్మా మదనపల్లెలో హైదరాబాదు బస్సెక్కితే, మా ముందు సీటులోనే మేనేజరు కూర్చుని ఉన్నాడు. కంపెనీ తరపున చెప్పడానికి ఆయనే వస్తున్నాడు. ముగ్గురం ఒకరినొకరం చూసుకుని, కిటికీలవైపు తిరిగాం.

కదిరిలో బస్సు ఆగింది. ఆ రోజు ఏదో బందు, హోటళ్ళు మూసి ఉన్నాయి. మేనేజరు దిగి, అటూ ఇటూ తిరిగి, ఒట్టి చేతులతో ఎక్కాడు. రెడ్డెమ్మ మూట విప్పింది. వేయించిన చెనక్కాయలు కలిపిన కారం బొరుగులు, అరటి పండ్లు. నాకు పెట్టింది. ఒక కాగితం పొట్లం కట్టి ముందు సీటు మీదుగా చెయ్యి చాపింది.

"తినండి సార్. పొద్దున దాకా ఏమీ దొరకదు."

ఆయన ఒక క్షణం తటపటాయించి తీసుకున్నాడు. మొత్తం తిన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయనకెందుకు పెట్టినావమ్మా?" అని గొణిగాను.

"ఆకలి గదప్పా" అంది రెడ్డెమ్మ. "ఆకలికి రూలు ఉంటాదా?"

విచారణ

కోర్టు లాగా ఉంటుందనుకున్నాను. ఒక గది, పొడవాటి బల్ల, ఫ్యాను. అంబుడ్స్‌మన్ గారు తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి. ముందు రెడ్డెమ్మను కూర్చోమన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆమెను కుర్చీలో కూర్చోమన్న మొదటి అధికారి ఆయన. చిన్న సంగతే. కొత్తవాళ్ళు ఇది ఒక్కటి నేర్చుకున్నా నా రాత వృథా కాదు.

నన్ను చూసి ఎవరని అడిగారు. మేనేజరు వెంటనే లేచాడు. "మా ఉద్యోగి సార్. అనుమతి లేకుండా వచ్చాడు."

"ఆవుకు బిళ్ళ వేసింది నేనే సార్" అన్నాను.

"అయితే కూర్చోండి. నేను అడిగితేనే మాట్లాడాలి. ఆమె కథ ఆమే చెబుతుంది" అన్నారు ఆయన.

రెడ్డెమ్మ చెప్పింది. ఆవు ఈనిన సంగతి, డాక్టరు వచ్చిన సంగతి, ఫోనులో విన్న మాట, గాజులు, రవిక గుడ్డ, అన్నీ. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు.

మేనేజరు నిబంధన చదివాడు. చదివి, "చెవి కోయమని ఫోనులోనే చెప్పాం సార్. వినలేదు. ఇప్పటికైనా గుంత తవ్వి బిళ్ళ చూపించమనండి. అది చేయలేదంటే అనుమానించాలా వద్దా?" అన్నాడు.

అంబుడ్స్‌మన్ గారు ఆమెవైపు చూశారు. "ఏమ్మా, తవ్విస్తావా?"

రెడ్డెమ్మ కొంగు చేతిలో నలిపింది.

"తవ్విస్తా సామీ. నేను దొంగను కాదని తేలాలంటే అదొక్కటే దారి అంటే, మా అత్త కాళ్ళు పట్టుకోనైనా తవ్విస్తా. కానీ చెవి మాత్రం నేను కొయ్యను, మా ఊళ్ళో ఎవురూ కొయ్యరు. నిన్న బస్సులో నా చేతి బొరుగులు తిన్న్యాడు ఈ సారు. అప్పుడు నేను దొంగను గాదు. ఈ సారునే వొచ్చి కోసుకోమనండి. కొడవలి నేనిస్తా."

మేనేజరు ముందున్న ఫైలు మూసేశాడు.

"మీరు వెళ్ళి కోస్తారా?" అని అంబుడ్స్‌మన్ గారు ఆయన్ను అడిగారు. వెటకారంగా కాదు, మామూలుగా.

"అది నా పని కాదు సార్."

"ఈ డాక్టరు అబద్ధం రాశారని మీ దగ్గర ఏదైనా ఆధారం ఉందా?"

"లేదు సార్. కానీ రూలు…"

"రూలు ఎందుకు పెట్టారు?"

"ఆవు చనిపోయిందని తెలియడానికి సార్."

అప్పుడు ఆయన నావైపు తిరిగారు. "చెవి తెస్తే ఆవు చనిపోయినట్టేనా? మీ అనుభవం చెప్పండి."

కుప్పం సరిహద్దు సంతలో చూసింది చెప్పాను. చెవి తెగిన మచ్చతో నిలబడి నెమరువేస్తున్న ఆవుల సంగతి చెప్పాను. ఆ క్లెయిములు మేం సంతోషంగా చెల్లించామని కూడా చెప్పాను. చెబుతున్నప్పుడు మేనేజరు నావైపు చూసిన చూపు నాకు తెలుస్తూనే ఉంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. అంత ధైర్యం నాకు అంతకుముందు లేదు, తర్వాత కూడా పెద్దగా లేదు.

తీర్పు పోస్టులో వచ్చింది. బిళ్ళ అనేది ఏ ఆవు చనిపోయిందో గుర్తుపట్టడానికి పెట్టిన సాధనం మాత్రమే, గుర్తింపు మరో నమ్మకమైన విధంగా రుజువైనప్పుడు బిళ్ళ లేదన్న సాకుతో నష్టపరిహారం ఎగ్గొట్టడం కుదరదు అని అందులో ఉంది. పాలసీలో రాసినంతా ఇవ్వాలన్నారు. రెడ్డెమ్మ ఒప్పుకుంటూ వేలిముద్ర వేసింది. కంపెనీ కట్టింది.

తర్వాత జరిగింది

ఇంతటితో ఆపితే చక్కగా ఉంటుంది. కానీ ఉద్యోగం చక్కగా ఉండదు.

కొన్నాళ్ళకు పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. మేం పాఠం నేర్చుకున్నామా? నేర్చుకున్నాం. ఇకమీదట పాలసీ ఇచ్చేటప్పుడే, ఆవు చనిపోతే చెవి కోసి ఇస్తానని రైతు చేత సంతకం తీసుకోవాలట. అంటే ఇంకో రెడ్డెమ్మ ఇంకో హైదరాబాదుకు వెళ్ళకుండా తలుపు బిగించారు. అంబుడ్స్‌మన్ చెప్పిన మాటలో వీళ్ళకు వినపడింది అదొక్కటే. ఆ కాగితం కూడా ఇంగ్లీషులోనే ఉంది.

పరిపాలనా అవసరాల దృష్ట్యా నన్ను కుప్పానికి మార్చారు. నాకు బాధ లేదు, అక్కడ కూడా లైబ్రరీ ఉంది. గోవిందప్ప మొదటి రోజే నమస్కారం పెట్టి పలకరించాడు. అతని క్లెయిముల కోసం ప్రతి ఊరికీ స్వయంగా వెళ్ళడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు అతను చెవులు మానేసి చింతపండు వ్యాపారం పెట్టుకున్నాడు.

బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన వారంలో పుంగనూరు వెళ్ళాను. రెడ్డెమ్మ కొట్టంలో కొత్త ఆవు ఉంది. పాలకేంద్రంలో ఎకసెక్కాలు ఆగిపోయాయి. కాఫీ ఇచ్చింది. నా పెట్టెలో బిళ్ళ, అది వేసే పట్టకారు ఉన్నాయి. వెళ్ళిపోయేలోపు ఈ ఒక్క పాలసీ నా చేత్తో చేయాలని ఆశ.

"వొద్దప్పా" అంది.

"ఈసారి ఇబ్బంది ఉండదమ్మా. నీ పేరు చెబితే…"

"నీ మీద కోపం గాదప్పా. ఇది సచ్చినా మేము చెవి కొయ్యం. మళ్ళా హైదరాబాదుకు బొయ్యేదానికి నాకు తీరుబాటు యాడుండాది? పాలు ఎవురు పిండాల?"

పట్టకారు పెట్టెలోనే ఉంచి వచ్చేశాను. కంపెనీ ఆ చిన్న మొత్తం మిగుల్చుకోవాలని చూసి, ఒక మనిషిని శాశ్వతంగా పోగొట్టుకుంది. ఆమెను చూసి ఆ పల్లెలో ఇంకెన్ని ఇళ్ళు తలుపు వేశాయో మా ఏ రిజిస్టరులోనూ రాదు. మనం అమ్మేది కాగితం అనుకుంటాం. కాదు. కష్టం వచ్చిన రోజు నిన్ను నమ్ముతాను అన్న మాట అమ్ముతున్నాం. ఆ మాట తప్పినవాడు ఏ గోడ మీద ఏ అక్షరాలు రాసుకున్నా నా దృష్టిలో దళారి గోవిందప్ప కంటే మెరుగు కాదు. గోవిందప్ప కనీసం మైసూరుపాకు పంచేవాడు.

కృతజ్ఞతలు

లైబ్రేరియన్ ఖాదర్ బాషా గారికి. అడక్కముందే పాత పేపరు తీసి పెట్టినందుకు, గడువు దాటిన పుస్తకాలకు నా దగ్గర ఎప్పుడూ జరిమానా తీసుకోనందుకు. ఆయన ఇప్పుడు లేరు.

డాక్టర్ ప్రభుదాసు గారికి. తన సంతకం మీద బురద చల్లినా సంతకం వెనక్కి తీసుకోనందుకు.

ఆ రోజు గదిలో ఒక పల్లెటూరి మనిషికి ముందుగా కుర్చీ చూపించిన అంబుడ్స్‌మన్ గారికి. ఆయన పేరు తెలుసు, పదవిలో ఉండి తీర్పు చెప్పినవారి పేరు వాడుకోవడం ఇష్టం లేక రాయడం లేదు.

గంగమ్మకు. పుస్తకాల్లో లేని ప్రశ్న ఒకటి నన్ను అడిగినందుకు.

నా భార్య సరస్వతికి. కుప్పం ఉత్తర్వు చూపిస్తే, "బెడ్డింగు కట్టమంటావా?" అని తప్ప మరో మాట అడగనందుకు.

చివరగా రెడ్డెమ్మకు. అచ్చుకు ఇచ్చేముందు ఇదంతా ఆమెకు చదివి వినిపించాలని పుంగనూరు వెళ్ళాను. అప్పుడు ఇందులో మా మేనేజరు పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ రాసి ఉన్నాయి. కోపంతో రెండేసిసార్లు రాశాను. ఆమె పేడ ఎత్తుతూ మొదటి నుంచి చివరిదాకా విన్నది. బాగుందో లేదో చెప్పలేదు. చేతులు కడుక్కుని వచ్చి, "ఆ సారు పేరు తీసెయ్యప్పా. ఆయనకూ బిడ్డలుంటారు, సదువుకుంటారు" అంది.

తీసేశాను. ఆమె అడిగిందని తీసేశాను, ఆయన మీద జాలితో కాదు.